చిరకాల పాత్రలకు వీడ్కోలు

మూడు గంటల నాటకములోని పాత్రకు ముగింపు కూర్చుట ఒక విద్య. వారమునకు ఆరు దినముల చొప్పున ఏండ్ల తరబడి మన నట్టింట తిరుగాడిన పాత్రకు ముగింపు కూర్చుట వేరొక విద్య. మొదటిదానికి భరతముని మొదలుకొని మనకు గురువులు పెక్కుమంది కలరు. రెండవదానికి శాస్త్రము లేదు, గురువు లేడు, ఆ పనిలో నున్నవారికి దానిని గూర్చి యోచించు తీరికయు లేదు. జనులు సీరియళ్ళని పిలుచు టీవీ ధారావాహికలు తెలుగుదేశమున నింత విస్తారముగా నడచుచున్నను, వానిలో మొదటి దినము నుండియు కథాభారమును మోసిన పెద్ద పాత్రలను, ఆ తల్లిని, ఆ మామను, ఆ నాయికను, ఆ ప్రతినాయికను, కడకు ఎట్లు సాగనంపవలెనన్న ప్రశ్న విమర్శకుల దృష్టికి అరుదుగానే వచ్చుచున్నది. సీరియలును గూర్చి వ్రాయుట తమ గౌరవమునకు కొఱత యని వారి తలంపు కాబోలును.

మా అనకాపల్లివంటి యూళ్ళలో ఇది చిన్న ప్రశ్న కాదు. పగలెల్ల బెల్లపు దిమ్మల బేరములతో, లారీల రాకపోకలతో సందడించు పట్టణము సాయంకాలము ఏడున్నర కాగానే కొంత సద్దుమణగుటయు, గవరపాలెపు వీథులలో అరుగుల మీది పెద్దమ్మలు ఒక్కొక్కరే లోనికి పోవుటయు, మరునాడు కుళాయి కడను కిరాణాకొట్టు కడను "ఏటే, వంటలక్కని సంపీసినారట!" యని సీరియలు నాయికను గూర్చి చుట్టములలో నొకరు పోయినట్లే చెప్పుకొనుటయు ఇచట నెల్లరు నెరిగినదే. ఆ మాట విని నవ్వువారు కలరు, నేను నవ్వను. దినమునకు అరగంట చొప్పున వారమునకు ఆరు దినములు ఐదేండ్లు చూచిన యిల్లాలు ఆ పాత్రతో గడపిన కాలము ఏడువందల గంటలకు మించును. పెండ్లియై దూరదేశము పోయిన కూతురితో నామె ఆ యైదేండ్లలో నన్ని గంటలు మాటలాడియుండదు. అంత కాలమును పుచ్చుకొన్నవారు ప్రతిగా నొక మంచి వీడ్కోలైన నియ్యవలదా యని యామె యడిగినచో, అది న్యాయమైన ప్రశ్నయే.

తెలుగున ధారావాహికలు మొదటినుండియు నింత దీర్ఘములు కావు. దూరదర్శనమొక్కటే యున్న దినములలో పదుమూడు భాగముల కథయే పెద్ద కథ. యద్దనపూడి సులోచనారాణి రచన ఆధారముగా మంజులానాయుడు దర్శకత్వమున వచ్చిన 'ఋతురాగాలు' పెద్ద కథను వెంబడించు నలవాటును తెలుగిండ్లలో పాదుకొల్పగా, 1995లో మొదలైన జెమిని, ఈటీవీలు ఆ యలవాటును నిత్యవ్రతముగా మార్చినవి. జెమినిలో 2003 నుండి 2008 వరకు 'చక్రవాకం', అది ముగిసినంతనే 2013 వరకు 'మొగలిరేకులు' మంజులానాయుడు దర్శకత్వముననే నడచినవి. ఈటీవీలో 2008 డిసెంబరున మొదలైన 'అభిషేకం' 2022 ఫిబ్రవరిలో 4,000 భాగముల కడ నిలిచినది. దాని తొలి భాగము నాడు తల్లి యొడిలో నిదురించిన శిశువు, తుది భాగము నాటికి హైస్కూలు చదువులో నున్నాడు. స్టార్ మాలో 2017 అక్టోబరు నుండి 2023 జనవరి వరకు నడచిన 'కార్తీక దీపం' పదునైదువందల భాగములను దాటినది. ఇంతటి కొలతలు గల కథాప్రక్రియ తెలుగు సాహిత్యచరిత్రలో వేరొకటి లేదు. గుణమును గూర్చి నేననుట లేదు, పరిమాణమును గూర్చి యనుచున్నాను.

ఇంత పెద్ద కథలలో పెద్ద పాత్రలను తొలగించు పద్ధతులు మాత్రము నాలుగైదే. గోడమీద పటము, పటమునకు పూలదండ: నిన్నటివరకు ఇంటి పెత్తనము చేసిన మామగారు నేడు పటమైనాడు, ఎప్పుడు పోయినాడో, ఎట్లు పోయినాడో చెప్పువారు లేరు. అమెరికా ప్రయాణము: కొడుకింటికి వెళ్ళిన అత్తగారు మరల నొక ఫోనైన చేయదు, ఇచట మనుమరాలి పెండ్లి జరుగుచున్నను రాదు. అటుపిమ్మట కోమా, కారు ప్రమాదము, జ్ఞాపకశక్తి పోవుట. ఇవిగాక ముఖము మారుట యొకటి కలదు. తెరమీద నొక పంక్తి వేసి, ఇకపై ఈ పాత్రను ఫలానావారు ధరింతురని చెప్పి, మరునిమిషముననే కొత్త ముఖముతో పాత యేడ్పును కొనసాగింతురు. దీనిని జనులు పరిహసించుట కలదు గాని, నాకిది యంత దోషముగా దోపదు. జాతరలలో పద్యనాటకమునకు తెల్లవార్లు కూర్చుండి, ఒక్క రాత్రిలోనే ఒకటవ కృష్ణుడును రెండవ కృష్ణుడును మూడవ కృష్ణుడును వరుసగా వచ్చి పద్యములు పాడిపోవుచుండ, ఒక్కని కంఠమును మరియొకని కంఠముతో పోల్చి యానందించిన ప్రేక్షకులు మనవారు. వేషము నిలిచిన చాలును, వేషధారి మారిన నేమియని యొప్పుకొను శక్తి మనకు తరతరములుగా వచ్చినది. పాత్ర బ్రతికియుండగా ముఖము మార్చుట కన్న, ముఖము దొరకలేదని పాత్రను చంపుట పెద్ద దోషము.

ఆ పద్ధతులన్నియు నొకయెత్తు, లీపు ఒకయెత్తు. ఒక శుక్రవారము రాత్రి పసిపిల్లలుగా నున్నవారు సోమవారమునకు పెండ్లీడుకు వత్తురు; నడుమనున్న పదునైదు ఇరువది యేండ్లలో పెద్దపాత్రలకేమైనదో నాలుగు మాటలలో చెప్పి ముగింతురు. 'కార్తీక దీపం' చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. దీప యను వంటలక్కగా ప్రేమి విశ్వనాథ్, డాక్టరుబాబుగా నిరుపమ్ పరిటాల ఇంటింటి పేరులైన కథ అది. మలయాళమున 'కరుత్తముత్తు'గా నడచిన దానికిది తెలుగు రూపము. నల్లని చాయ కలదన్న నెపమున అత్తచేతను, శీలమును గూర్చిన శంకచేత మగనిచేతను దూరము చేయబడి, వంటపనిచే బిడ్డను పెంచిన స్త్రీకి న్యాయము జరుగునా యన్నదే దాని ప్రాణము. ఆ న్యాయము కొఱకు నాలుగేండ్లకు పైగా ప్రేక్షకులు వేచియుండగా, 2022 మార్చిలో ఆ దంపతులు ప్రమాదమున మరణించినట్లు చూపి, కుమార్తెలను పెద్దవారిని చేసి కథను వారి చేతికిచ్చిరి. జనులు ఆ కొత్తకథను మెచ్చలేదు. ఆ యేడాదిలోనే దంపతులిరువురును బ్రతికియున్నట్లు మరల చూపవలసివచ్చెను. 2023 జనవరిలో కథ ముగిసెను. 2024 మార్చిలో అదే పేరుతో, అదే జంటతో, వేరొక కథ మొదలయ్యెను. దీనిని ప్రేక్షకుల విజయమని కొందరు మెచ్చుకొనిరి. నా కన్నులకు ఇది రెండు నష్టముల కథగా కనబడుచున్నది. మొదట వారిని చంపుటచే శోకము వృథాయయ్యెను. పిదప బ్రతికించుటచే, అటుపై ఆ కథలో నెవరు మరణించినను నమ్మువారు లేకపోయిరి. మరణమునకు విలువ లేనిచోట జీవితమునకును విలువ యుండదు. అట్టి కథలో పాత్ర ఎంత యేడ్చినను ప్రేక్షకుడు తరువాతి ప్రకటనకై చూచుచుండును.

హిందీలో ఈ దారి మొదటనే త్రొక్కబడినది. 2000 జూలైలో స్టార్ ప్లస్‌లో మొదలై 2008 నవంబరు వరకు 1,833 భాగములు నడచిన 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ'లో నాయకుడు మిహిర్ మరణించినట్లు చూపగా ప్రేక్షకులు గగ్గోలు పెట్టిరి. అతడు మరల వచ్చెను. ఆ కథలోనే సుధా శివపురి ధరించిన 'బా' అను ముత్తవ్వ పాత్ర కలదు. లీపు వెనుక లీపు గడచి, మనుమలకు మనుమలు పుట్టినను, బా మాత్రము చెక్కుచెదరక నిలిచెను. ఆమె వయస్సును లెక్కించుట దేశమున కొక వినోదమయ్యెను. చంపరానివారిని చంపుట ఒక లోపమైన, పోవలసినవారిని పోనీయకుండుట రెండవ లోపము. రెంటికిని మూలమొక్కటే: పాత్రకు కాలము కలదని రచయిత మరచుట.

ఇట్లనుచు నిర్మాతల కష్టములను మరచుట తగదు. ఎందరు చూచుచున్నారో తెలుపు టీఆర్‌పీ యను సంఖ్య వారము వారము వచ్చి కథ నుదుటి వ్రాతను దిద్దిపోవుచుండును. నేడు తీసిన భాగము వారములోపలనే ప్రసారమగును. పేరు వచ్చిన నటుడు సినిమాకో వేరొక ఛానలుకో పోవును. వృద్ధనటులు జబ్బుపడుదురు, మరణింతురు. 2020లో కరోనా వచ్చినపుడు, మహారాష్ట్ర ప్రభుత్వము అరువదియైదేండ్లు దాటినవారు షూటింగులకు రారాదని శాసింపగా, తాతలు, బామ్మలు లేని యుమ్మడికుటుంబములు తెరకెక్కవలసివచ్చెను. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నియమమును కొట్టివేసినది. ఇట్టి యాపదలలో రచయితను నిందించుట క్రూరత. కాని మన ధారావాహికలలో పెద్దపాత్రల యర్ధాంతర నిష్క్రమణములకు ఆపదలే కారణములని చెప్పుట కష్టము. అనేకపర్యాయములు తీరికయుండియు తలపు లేకపోయినది.

తలపు గలవారు ఎట్లు చేయుదురో చూడదలచినవారు దూరము పోనక్కరలేదు. మన భాషలోని మిక్కిలి దీర్ఘమైన కథలలో నొకటి భారతము. పెద్దపాత్రల వీడ్కోలు ఎట్లుండవలెనో దానికన్న బాగుగా నేర్పిన గ్రంథము నేనెరుగను. యుద్ధము పదునెనిమిది దినములలో ముగిసినది, దుర్యోధనుడు కూలినాడు, నేటి సీరియలు రచయిత యైనచో ధర్మరాజు పట్టాభిషేకముతో శుభం కార్డు వేసియుండును. భారతకథ మాత్రము అటుపైన పర్వములకు పర్వములు నడచును. పదియవ దినమున పడిన భీష్ముడు అంపశయ్యపై ఏబదియెనిమిది రాత్రులుండి, ఉత్తరాయణమునకై వేచి, తనకు తెలిసిన ధర్మమంతయు మనుమనికి అప్పగించినగాని కన్నుమూయడు. అతని మరణమునకు ముహూర్తమును అతడే నిర్ణయించుకొనును.

అంతకన్న గొప్పది తిక్కన తెనిగించిన ఆశ్రమవాసపర్వములోని ధృతరాష్ట్రుని నిష్క్రమణము. నూర్గురు కొడుకులను చంపినవారి యింట ఆ గ్రుడ్డిరాజు పదునైదేండ్లుండును. ధర్మరాజు ఆదరించును, భీముడు చాటుగా వినబడునట్లు దెప్పును. ఆ దెప్పులు సహించి సహించి, తనకిక నడవియే గతియని ముసలివాడు నిశ్చయించుకొనును. ఈ నిశ్చయమొక్క దినమున, ఒక్క ప్రమాదమున కలిగినది కాదు. వెళ్ళుటకు ముందు చచ్చినవారికి శ్రాద్ధము పెట్టుటకు ధనమడుగును, భీముడు వలదనును, అర్జునుడును ధర్మజుడును ఇప్పింతురు. పాత పగ యెంతవరకు చల్లారినదో, ఎంతవరకు చల్లారలేదో ఈ చిన్న తగవులోనే తెలియును. పిదప అతడు పౌరులను పిలిచి, తన కుమారుని తప్పులను, తన తప్పులను ఒప్పుకొని, సెలవు వేడును. ప్రజల పక్షమున నొక బ్రాహ్మణుడు లేచి ప్రత్యుత్తరమిచ్చును. దీర్ఘకథలోని పెద్దపాత్ర తనను ఇన్నాళ్ళు చూచినవారికే నేరుగా చెప్పుకొనిన సెలవు ఇది. గాంధారి సరే, కుంతియు వెంటబోవుట కథలో నూహింపనిది. కొడుకులు రాజ్యమేలుచుండగా ఆమెయేల పోవలెను? ఆ ప్రశ్నను కొడుకులే అడుగుదురు, ఆమె సమాధానము చెప్పును. అడవిలో విదురుడు యోగబలమున ధర్మరాజులో లీనమగును. కడపట కార్చిచ్చులో ఆ ముగ్గురును దగ్ధులైన వార్తను నారదుడు తెచ్చి చెప్పును. మనకు మంటలు కనబడవు, వినువారి ముఖములే కనబడును. మరణమును రంగముమీద చూపరాదన్న నాట్యశాస్త్రనియమముయొక్క మర్మమును ఇచట గ్రహింపవచ్చును.

ఇంత చెప్పి ఒక మాట దాచరాదు. 1988 అక్టోబరు నుండి 1990 జూన్ వరకు దూరదర్శనములో దేశమునంతటిని కట్టిపడవేసిన బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 94 భాగములు నడచియు, భీష్మనిర్యాణముతో ముగిసినది. ఆశ్రమవాసమునకు దానిలో చోటు చాలలేదు. టీవీకి వృద్ధులయందు ఓపిక తక్కువ యన్నది పాత రోగమే.

విదేశములలోను ఈ రోగము లేకపోలేదు. 1955 సెప్టెంబరు 22న, ఇంగ్లండులో పోటీ టీవీ సంస్థ మొదలగు రాత్రియే, బీబీసీ రేడియో 'ది ఆర్చర్స్' ధారావాహికలో గ్రేస్ అను కొత్తకోడలిని అగ్నిప్రమాదమున చంపించి శ్రోతల చెవులను తనవైపు త్రిప్పుకొన్నది; దానిని ఆ దేశమువారు నేటికిని చెప్పుకొందురు. 1960 డిసెంబరు 9 నాటి తొలి భాగమునుండి 'కారొనేషన్ స్ట్రీట్'లో కెన్ బార్లో పాత్రను ధరించుచున్న విలియం రోచ్ తొంబదియేండ్లు దాటియు ఆ పాత్రను వీడలేదు. ముగింపు లేకుండుటయు నొక మర్యాదయే యని అది చెప్పుచున్నది, కథలో అతనికి వయస్సు వచ్చుచున్నది కనుక. నాకు మిక్కిలి నచ్చినది మాత్రము అమెరికాలో 1956 నుండి 2010 వరకు, ఏబదినాలుగేండ్లు, నడచిన 'ఆజ్ ది వరల్డ్ టర్న్స్' ముగింపు. దాని తొలి పలుకు, ప్రొద్దుటి పలకరింపు, హెలెన్ వాగ్నర్ పలికినది. ఆమె 2010 మేలో, కథ ముగియుటకు నాలుగు నెలల ముందు, మరణించినది. తుది భాగమున, 1960 నుండి డాక్టర్ బాబ్ పాత్రను ధరించిన డాన్ హేస్టింగ్స్ ఆసుపత్రి కొలువు మాని, తన గది విడచుచు రాత్రికి చెప్పు సెలవుమాట పలుకును. అంతియే. ప్రమాదము లేదు, పటము లేదు, వైద్యుడు పదవి విరమించినాడు. ఏబదినాలుగేండ్ల కథకు ఉద్యోగవిరమణ ముగింపుగా చాలినదన్నచో, మన రచయితలు ప్రతి ముగింపునకును బస్సులను లోయలలో త్రోయనేల?

ఈ ప్రాంతమువారికి వేరు పాఠములు ఇంటనే కలవు. ఇప్పటి అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరమున పుట్టిన గురజాడ అప్పారావు 1909లో తిరిగివ్రాసిన 'కన్యాశుల్కము'ను ముగించిన తీరు చూడుడు. తన యెత్తు పారలేదని తెలిసికొన్న గిరీశము ఒక్క చిన్నమాటతో నిష్క్రమించును. అతనికి జబ్బు చేయలేదు, చెర పడలేదు, బుద్ధి మారినదన్న హామీయు లేదు; మరునాడు వేరొక యూర వేరొక వేషముతో తేలుననియే మనకు దోచును. పాత్రను చంపక, మార్చక, దాని స్వభావముతోనే దానిని పంపివేయుట అనగా నిది. మా ఊరి ప్రక్కనే యున్న తుమ్మపాల స్వస్థలముగా గల రావిశాస్త్రి 'రాజు మహిషి'ని అసంపూర్ణముగనే విడచినాడు. అయినను మందుల భీముడు మొదలైన ఆ పాత్రలు చదువరికి ద్రోహము చేయబడినవిగా కనబడవు. అసంపూర్ణత యొకప్పుడు క్షమింపదగినది. దొంగముగింపు ఎన్నడును కాదు.

ఇక నేమి చేయవలెనని యడిగినచో, నా యభిప్రాయము చెప్పెదను. మా వైపు బెల్లము వండువాడు గడియారము చూడడు, పాకము చూచి పెనము దించును. ముందు దించిన గట్టిపడదు, తడసిన మాడును. పాత్రకును అట్టి పాకమొకటి కలదు. ఆ పాత్ర దేనికై కథలోనికి వచ్చినదో ఆ పని తీరినదా, తీరక చేజారినదా యన్నది తేలిననాడే దాని నిష్క్రమణమునకు వేళ యైనది. అది దండ వేసిన పటముచే తేలదు. పాత్ర తానే చేసిన యొక నిర్ణయముచే తేలవలెను. అత్తగారు తాళములగుత్తిని కోడలి చేతికిచ్చుట, తండ్రి వీలునామా వ్రాసి దానిని చదివి వినిపించి దానిపై వచ్చిన తగవును తానే విని తీర్చుట, ఏండ్ల తరబడి అపకారము చేసిన స్త్రీ తాను చేసినదానిని తన నోటనే చెప్పుట, ఇవి చూపుటకు లోయలు, కార్లు అక్కరలేదు. ఒక నట్టిల్లు, నాలుగు కుర్చీలు చాలును. నిర్మాతకు ఖర్చును తగ్గును.

ఇందు ప్రతినాయికను ప్రత్యేకముగా తలంపవలెను. నాయికకన్న ఎక్కువ శ్రమపడినది ఆమెయే. కథకు ప్రతిదినము దాణా వేసినది ఆమెయే. 'కార్తీక దీపం'లో శోభాశెట్టి ధరించిన మోనితను జనులు ఎంతగా తిట్టిరో అంతగా ఎదురుచూచిరి. అట్టి పాత్రను తుదిభాగములో తుపాకిదెబ్బతోనో, పిచ్చాసుపత్రితోనో, అరనిమిషపు పశ్చాత్తాపముతోనో ముగించుట ఆ నటికిని అన్యాయము, చూచినవారికిని అన్యాయము. ధృతరాష్ట్రునకు పదునైదేండ్లు ఇచ్చిన కవి శత్రుపక్షమువానికే ఇచ్చెనని మరువరాదు. చిన్నపాత్రల సంగతి మరియు దైన్యము: వంటమనిషి, డ్రైవరు, పొరుగింటి పిన్నిగారు ఐదేండ్లు కాఫీలు తెచ్చి, రహస్యములు దాచి, ఒక భాగమున మాయమగుదురు. సంజయుడు కార్చిచ్చునుండి తప్పించుకొని హిమాలయమునకు పోయెనని వ్యాసుడు ఒక్క ముక్కలో చెప్పినాడు. ఆ ఒక్క ముక్క చాలును, కాని చెప్పవలెను.

నటుడు మరణించిన సందర్భమున మాత్రము కథను తొందరపెట్టరాదు. అమెరికాలో 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్'లో 1965 నుండి ఆలిస్ హార్టన్‌గా నటించిన ఫ్రాన్సిస్ రీడ్ 2010 ఫిబ్రవరిలో పోగా, కొన్ని నెలలు ఆగి, ఆ కుటుంబపు పాత్రలనెల్ల మరల పిలిపించి, కథలో ఆలిస్‌కు వీడ్కోలు చెప్పిరి. మన తెలుగు ఛానళ్ళలో సంతాపము తరచుగా ఒక్క నలుపుతెలుపు కార్డుతో తీరిపోవుచున్నది. మరుదినము నుండి ఆ పాత్ర పేరే వినబడదు.

ఛానళ్ళవారికి నా విన్నపమొక్కటి. కథ ముగియు తేదీని కనీసము మూడుమాసములు ముందుగా రచయితకు చెప్పుడు, ప్రేక్షకులకును చెప్పుడు. కొత్త సీరియలుకు నెలల తరబడి ప్రోమోలు వేయువారు పాత సీరియలు సెలవునకు రెండు వారముల ప్రోమో వేయలేరా? ఆ మూడుమాసములలో మొదటి భాగమునాటి పాత్రలను ఒక్కొక్కరిగా పిలిపించి, వారివారి లెక్కలు తీర్పింపుడు. అమెరికా పోయిన అత్తగారినైన ఒక్కసారి ఫోను చేయనిండు. చూచు అమ్మలక్కలకు నేను చెప్పునదియు నొకటి కలదు. చంపినవారిని మరల బ్రతికించి చూపినపుడు మురిసిపోకుడు; మీ పెద్దపాత్రకు సరియైన సెలవు దొరకనిచో, ఆ ఛానలువారికి ఒక యుత్తరము వ్రాయుడు, కొత్త సీరియలు తొలివారము టీవీ కట్టివేయుడు. టీఆర్‌పీ యొక్కటియే వారికి తెలిసిన భాష.